తాళం నా జేబులోనే ఉంది

నా పేరు ఉమ్మె హాని. తండ్రి పేరు హకీం, కుట్టుపని. నా వయసు 23 ఏళ్ళు. చదువు బి.ఎస్సీ., ఆ మీద బి.పి.ఎడ్. మెదక్ పట్టణంలో మా నాన్న దుకాణం పైనున్న రెండు గదుల్లో ఉంటాం. గత రెండేళ్ళుగా పరశురాం సార్ నడిపే కబడ్డీ క్యాంపులో అసిస్టెంట్ కోచ్‌గా పనిచేస్తున్నాను. గురుకులంలో పి.ఇ.టి. పోస్టు కోసం పరీక్షకు చదువుతున్నాను.

ఈరోజు 2025 మే 22, గురువారం. ఉదయం 10:40 నుంచి స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ నిర్మలమ్మ గారి ఎదురుగా కూర్చుని ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను. మొదట నేను చెప్తుంటే మేడమ్ రాశారు. రెండో పేజీలో "గాభరాపడి" అన్న మాట కనిపించింది. నేను ఆ మాట అనలేదని చెప్పాను. "మీ ఇంటోళ్ళు అందరు గదే చెప్పిన్రు కదమ్మా" అన్నారు మేడమ్. అయితే నేనే రాసిస్తానన్నాను. మేడమ్ పెన్ను ఇచ్చారు.

మా ఇంటివాళ్ళు చెప్పింది తప్పు. ముందు అది రాస్తాను.

నా మీద పరశురాం సార్ ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు, సోమవారం 19వ తేదీన మా నాన్న, మా అన్న ఫుర్ఖాన్ స్టేషన్‌కు వచ్చి, ఎస్.ఐ. రత్నాకర్ గారితో నేను చిన్నపిల్లనని, క్యాంపులో ఒక పిల్ల పడిపోగానే బుర్ర పనిచేయక ఏదో చేశానని చెప్పారు. మా అమ్మ మన్సూరా రాలేదు గానీ ఫోన్‌లో తన వంతు చెప్పింది. నాకు ఏడేళ్ళప్పుడు బక్రీద్ రోజు మేకను కోస్తుంటే చూసి కళ్ళు తిరిగి పడ్డానట. అప్పటి నుంచీ నాకు గుండె ధైర్యం లేదట. పడింది నిజమే. ఆ రోజు పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. పదహారేళ్ళ నుంచి ఈ సంగతి చెప్తూనే ఉన్నాను, మా ఇంట్లో ఎవరూ వినలేదు. నన్ను కాపాడాలనే వాళ్ళు ఇదంతా చెప్పారు. కానీ కాపాడడానికి వాళ్ళకు దొరికింది నేను తెలివి లేనిదాన్నని చెప్పడం ఒక్కటే. శనివారం పొద్దున నేను గాభరాపడలేదు. చేసిన ప్రతిదీ తెలిసి చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాకు ఒక నిబంధన ఉంది. పిల్లలకు క్యాంపు పెట్టాలంటే ప్రథమ చికిత్స నేర్చుకున్న కోచ్ ఒకరు ఉండాలి. ఫిబ్రవరిలో సంగారెడ్డిలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. పరశురాం సార్‌కు అప్పుడు టోర్నమెంటు ఉంది. "సర్టిఫికెట్ ఒకటి కావాలట. పోయి పట్కరాపో పిల్లా" అని నన్ను పంపారు. నేను పట్టుకొచ్చాను. సార్ దానికి ప్లాస్టిక్ తొడిగించి ఆఫీసు గదిలో గెలిచిన కప్పుల పక్కన గోడకు పెట్టారు. సర్టిఫికెట్‌తో పాటు వాళ్ళు ఇచ్చిన ప్రథమ చికిత్స పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు బ్యాండేజీలు పీకి ఆడుకుంటారని.

శిక్షణలో ముప్పై నాలుగు మంది కోచ్‌లం. బొమ్మలు చాలక ఒకరి తర్వాత ఒకరం నేల మీద పడుకున్నాం. నేను దెబ్బ తగిలినదానిలా పడుకున్నప్పుడు, నా తల పట్టుకున్న కోచ్‌కు ఫోన్ వచ్చింది. ఆయన నా తల వదిలి ఫోన్ ఎత్తారు. నేర్పే మేడమ్ ఆయన్ను ఏమీ తిట్టలేదు. "సార్, మీ పేషెంటుకు ఇప్పుడు కాళ్ళు పోయినయి. ఫోన్ మాట్లాడి రండ్రి, తొందరేం లేదు" అన్నారు. అందరూ నవ్వారు. నేను పడుకునే ఉన్నాను. కింద పడుకుని ఆ మాట వింటే నవ్వు రాదు.

ఆ మేడమ్ నేర్పింది ఇది: మెడకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, మనిషిని లేపకూడదు, కూర్చోబెట్టకూడదు, నీళ్ళు తాగించకూడదు. తలను రెండు చేతులతో అటూ ఇటూ పట్టి, ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. ముందు 108కు ఫోన్. తల పట్టుకున్నవాళ్ళు ఇంకొకరు పట్టుకునేదాకా వదలకూడదు. మాట్లాడుతూ ఉండాలి.

తిరిగి వచ్చాక క్యాంపు పిల్లలకు, మిగతా కోచ్‌లకు ఒక గంట ఇది చెప్తానని సార్‌ను అడిగాను. మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో రెండుసార్లు అడిగాను. "ఆట నేర్పుదమా, దవాఖాన పెడ్దమా?" అన్నారు. అందుకని ప్రాక్టీసు అయిపోయాక పది నిమిషాల చొప్పున నాలుగు సాయంత్రాలు ఇషితకు, ఇంకో ఇద్దరు అమ్మాయిలకు నేర్పాను. ఇషితకు పదహారేళ్ళు, మా సీనియర్ క్యాచర్. సార్‌కు చెప్పకుండా నేర్పాను. ఇది ఫిర్యాదులో లేదు, కావాలంటే చేర్చుకోండి.

పరశురాం సార్ గురించి కూడా రాయాలి. ఆయనకు 54 ఏళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో కబడ్డీ నేర్పుతున్నారు, ఒక్క పిల్ల దగ్గరా ఏమీ తీసుకోలేదు. బురఖా వేసుకుని గ్రౌండు గోడ పక్కన నిలబడి చూస్తున్న నన్ను లోపలికి పిలిచింది ఆయనే. మా నాన్నతో మాట్లాడింది ఆయనే. ఆయన చేతి మీద ఊళ్ళో అందరికీ నమ్మకం. వేలు తొలిగినా, భుజం జారినా, మెడ పట్టినా సార్ పట్టి లాగి సరిచేస్తారు. హవేలిఘనపూర్ నుంచి, రేగోడ్ నుంచి కూడా వస్తారు. నాకూ బొటనవేలు సరిచేశారు. ఆయన చేతికి తప్పు జరగడం నేనూ చూడలేదు. అందుకే శనివారం ఎవరూ ఆయన్ను ఆపలేదు.

మే 17, శనివారం. 5:30కు క్యాంపు మొదలైంది. ఆ రోజు 58 మంది పిల్లలు. మాది మట్టి కోర్టు. రోజూ తెల్లవారుజామున నీళ్ళు కొట్టి మెత్తబరుస్తాం. ఆ రోజు నీళ్ళు మధ్యలోకే సరిపోయాయి, తూర్పు వైపు అంచు ఎండి గట్టిగా ఉంది. నేను చూశాను. చూసి కూడా ఆట ఆపలేదు. నా మీద ఏదైనా తప్పు రాయాలంటే ఇది రాయండి. దీని గురించి ఎవరూ అడగలేదు.

7:05కు సహస్ర కూతకు వెళ్ళింది. సహస్రకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి పూర్తయింది. తండ్రి గాలయ్య మార్కెట్ యార్డులో హమాలీ, తల్లి ఐలమ్మ. పట్టుకోబోయిన ఇద్దరి చేతుల కింద నుంచి దూరబోయింది. ఒకామెకు తొడ దొరికింది, లేపింది. సహస్ర తలకిందులుగా ఎండిన అంచు మీద పడింది. తల నేలకు ఆనింది, ఒళ్ళంతా మెడ మీదికి వచ్చింది. ఎండిన కట్టె పుల్ల మీద కాలు పెడితే వచ్చేంత చప్పుడు. కూత ఆగిపోయింది.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. పరిగెత్తి ఆమె తల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులతో తలను అటూ ఇటూ పట్టుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. "అక్కా, మెడ మస్తు నొస్తుంది" అంది. లేవబోయింది. "లేవకు. తల ఊపకు. నోటితోనే చెప్పు" అన్నాను. నా ఫోన్ తీసుకుని 108కు చేయమని ఇషితకు చెప్పాను. ఇషిత 7:07కు చేసింది, స్పీకర్ పెట్టింది. ఫోన్‌లో అన్నీ ఉన్నాయి, చూసుకోండి. బండి రామాయంపేట వైపు ఒక కాన్పు కేసులో ఉందని, అరగంట పడుతుందని, అప్పటిదాకా కదపొద్దని అవతలివాళ్ళు చెప్పారు. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా విన్నారు. అరగంట అన్నది వాళ్ళందరికీ వినిపించింది. కదపొద్దన్నది ఎవరికీ వినిపించలేదు.

పరశురాం సార్ అబ్బాయిల కోర్టు నుంచి వచ్చారు.

"జరుగు పిల్లా. మెడ పట్టింది. ఒక్క నిమిషం పని."

"సార్, ముట్టుకోకండ్రి. ఇరిగిందేమో."

"గిసొంటియి నేనెన్ని చూడలే. జరుగుమంటున్న గదా."

"మీకు దండం పెడ్త సార్, దీన్ని మాత్రం ముట్టుకోకండ్రి."

"నీకు కూత పెట్టుడు నేర్పినోన్ని నేను. నాకే చెప్తవా?"

సార్ పక్కన గొంతుక్కూర్చుని ఒక చెయ్యి సహస్ర గడ్డం కింద పెట్టారు. ఇంకో చెయ్యి నా చేతి మీదుగా తల వెనక్కి పోనిచ్చారు. ఆయన మెడ తిప్పే ముందు ఎలా పట్టుకుంటారో నాకు తెలుసు. నా రెండు చేతులు సహస్ర తలకు అటూ ఇటూ ఉన్నాయి. కాబట్టి కుడి భుజంతో తోశాను. గట్టిగానే తోశాను.

ఆయన వెనక్కి పడ్డారు. అక్కడ తడి మట్టి ఉంది. సార్ ఎప్పుడూ తెల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుంటారు. పిల్లల్లో ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు నేను విన్నాను. సార్ కూడా విన్నారు. ఫిర్యాదులో "నన్ను తోసి అవమానించింది" అని ఉంది. తోసింది నేను. అవమానం ఆ నవ్వు వల్ల జరిగింది. అయినా తోయకుండా ఉండేదాన్ని కాదు.

సార్ లేచి, సీనియర్ అబ్బాయిలతో తన మోటారు బండి తెమ్మన్నారు. మా దగ్గర దెబ్బ తగిలితే అందరూ చేసేది ఇదే. ఒకరు నడుపుతారు, మధ్యలో పిల్లను కూర్చోబెడతారు, వెనక ఒకరు కూర్చుని పడిపోకుండా పట్టుకుంటారు. కాలు విరిగినా అంతే, సొమ్మసిల్లినా అంతే. ఐదు నిమిషాల్లో దవాఖాన. అందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. గ్రౌండు గేటు దాటాక రెండు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి, ఆ పక్కన పైపు కోసం తవ్విన గుంత ఉంది. పిల్ల మధ్యలో కూర్చుంటే మెడ ఎవరు పట్టుకుంటారు? ఈ మాట అక్కడా అడిగాను.

7:13కు సార్ బండిని ఒక అబ్బాయి కోర్టు మీదికే తెచ్చాడు. ఇంజను ఆపలేదు. ఇద్దరు సహస్ర చంకల కింద చేతులు పెట్టడానికి వంగారు. నేను ఇషితను పిలిచాను. నేర్పినట్టే నా చేతుల మీద తన చేతులు పెట్టింది. "పట్టుకున్నవా?" అన్నాను. "పట్టుకున్న" అంది. అప్పుడు నా చేతులు మెల్లగా కింద నుంచి తీశాను. లేచి రెండడుగులు వేసి బండి తాళం తిప్పి తీసుకున్నాను. నా ట్రాక్ ప్యాంటు జేబులో వేసుకుని జిప్పు పెట్టాను. తిరిగి వచ్చి ఇషిత చేతుల మీద నా చేతులు పెట్టి తల పట్టుకున్నాను. మొత్తం ముప్పై సెకన్లు కూడా పట్టలేదు.

ఫిర్యాదులో తాళం పొదల్లోకి విసిరేశానని రాశారు. విసరలేదు. జేబులోనే ఉంది. నా చుట్టూ మూగినవాళ్ళు యాభై మంది ఉన్నారు. అందులో మగవాళ్ళు పది మంది పైనే. నా జేబులో చెయ్యి పెట్టే ధైర్యం వాళ్ళలో ఒక్కరికీ లేదు. అది నాకు తెలుసు. తెలిసే అక్కడ పెట్టుకున్నాను. బుర్ర పనిచేయని మనిషికి ఈ ఆలోచన రాదు. మేడమ్, దీని కింద గీత గీస్తున్నాను.

గాలయ్య, ఐలమ్మ 7:18కు వచ్చారు. ఎవరో ఫోన్ చేసి మీ పిల్లను దవాఖానకు పోనిస్తలేదని చెప్పారు. పిల్ల పడిందని కాకుండా పోనిస్తలేదని చెప్పారు. అందుకే ఐలమ్మ వచ్చేటప్పుడే నా మీదికి వచ్చింది.

"నా బిడ్డను సంపుతున్నవా? తాళంచెవి ఇయ్యి."

"ఇయ్యనమ్మా. అంబులెన్సు వస్తుంది."

"ఎప్పుడొస్తది? పాణం పోయినంకనా?"

వెనక నుంచి నా వీపు మీద కొట్టింది. ఏడు దెబ్బలు లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. నా రెండు చేతులు సహస్ర తలకు అటూ ఇటూ ఉన్నాయి. కొడుతుంటే నేను ముందుకు ఊగితే ఆ ఊపు తలకు తగులుతుంది. అందుకని మోచేతులు నేలకు ఆనించి వంగాను. నేను తల దించుకున్నానని, తప్పు ఒప్పుకున్నానని ఫిర్యాదులో ఎవరో సాక్షి చెప్పారు. వంగింది అందుకు కాదు.

ఐలమ్మ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇది కూడా తెలిసే రాస్తున్నాను. నా పిల్ల అలా పడుకుని ఉంటే, ఎవరో ఒక పిల్ల తాళం జేబులో పెట్టుకుని కూర్చుంటే, నేను ఏడు దగ్గర ఆగేదాన్ని కాదు.

తర్వాత ఒక ముసలాయన నీళ్ళ బాటిల్ తెచ్చి సహస్ర నోటికి పెట్టబోయాడు. ఇషిత బాటిల్ లాక్కుంది. ఆయన ఇషితను తిట్టాడు. ఆ తిట్టు రాయను. ఇంకెవరో "తురకోల్ల పిల్లకు మన పిల్ల మీద గంత కోపమేంది" అన్నారు. ఎవరన్నారో చూడలేదు. తల తిప్పలేకపోయాను. సహస్ర ఆ మాట విని, "మా అక్కను ఏమనకుండ్రి" అంది. పడుకున్న పిల్ల, కళ్ళు ఆకాశం వైపు, గొంతు మాత్రమే. ఆ తర్వాత ఆ మాట అన్నవాళ్ళ గొంతు మళ్ళీ వినబడలేదు.

7:24కు సహస్ర, "అక్కా, చేతులు జివ్వుమంటున్నయి" అంది. ఎస్.ఐ. గారు నిన్న అడిగారు, అప్పుడైనా భయపడ్డావా అని. పడ్డాను. భయం వేరు, గాభరా వేరు. భయపడ్డప్పుడు నా చేతులు ఇంకా గట్టిగా నిలబడ్డాయి. "ఏ వేళ్ళు? పేర్లు చెప్పు" అన్నాను. "చిటికెన వేలు, దాని పక్కది" అంది. ఇషితకు చెప్పి ఫోన్‌లో టైముతో సహా రాయించాను.

7:29కు సహస్ర వాంతి వస్తుందంది. వెల్లకిలా ఉన్న మనిషి వాంతి చేసుకుంటే అది ఊపిరికి అడ్డం పడుతుంది. పక్కకు తిప్పాలి. కానీ తల, భుజం, నడుము, కాళ్ళు అన్నీ ఒక్కసారే, ఒక దుంగను దొర్లించినట్టు తిప్పాలి. దానికి నాతో కలిపి నలుగురు కావాలి. ఇషిత ఉంది. నేను నేర్పిన మిగతా ఇద్దరిలో ఒకామె ఆ రోజు రాలేదు, ఇంకొకామె ఏడుస్తూ కూర్చుంది. సార్‌ను పిలిచాను. "సార్, నడుము దగ్గర పట్టండ్రి" అన్నాను. సార్ అక్కడే నిలబడి ఉన్నారు. రాలేదు. రెండోసారి పిలిచాను. చూపు పక్కకు తిప్పుకున్నారు.

గాలయ్య వచ్చాడు. రోజూ వడ్ల బస్తాలు మోసే మనిషి. "ఏడ పట్టాలె చెప్పు బిడ్డా" అన్నాడు. నడుము దగ్గర పట్టమన్నాను. ఏడుస్తున్న అమ్మాయిని ఇషిత రెక్క పట్టి లాక్కొచ్చి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టింది. "నేను మూడు అన్నంక తిప్పాలె. మూడు కంటె ముందు ఎవరు కదలొద్దు" అన్నాను. ఒకటి, రెండు, మూడు అన్నాను. నలుగురం ఒక్కసారే తిప్పాం. సహస్ర వాంతి చేసుకుంది. నా మోకాళ్ళ మీద పడింది. మళ్ళీ లెక్కపెట్టి వెల్లకిలా చేశాం. గాలయ్య తన తువ్వాలుతో పిల్ల నోరు తుడిచాడు. తర్వాత నా మోకాలు తుడిచాడు. ఆ తర్వాత ఐలమ్మ కొట్టలేదు.

7:38కు అంబులెన్సు వచ్చింది. వాళ్ళు మెడకు పట్టీ వేసి, బల్ల మీదికి చేర్చి, ఒకాయన నా చేతుల మీద చేతులు పెట్టి, "ఇగ వదులుండ్రి మేడమ్" అన్నాకే వదిలాను. అప్పుడు టైము 7:43. వేళ్ళు విడిపోలేదు. ఆయనే ఒక్కొక్కటి తీశారు. జేబు జిప్పు తీయడానికి వేళ్ళు రాకపోతే ఇషిత తీసి, తాళం సార్ చేతికి ఇచ్చింది. సార్ తీసుకున్నారు.

సహస్ర ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఉంది. మెడ ఎముకలో పగులు ఉందని, ఆపరేషన్ అవసరం లేదని, కాళ్ళూ చేతులూ కదుపుతోందని నిన్న ఇషిత చెప్పింది. ఈ సంగతి నాకు అనుకూలంగా రాయొద్దని కోరుతున్నాను. ఎముక బాగుందని తేలి ఉన్నా నేను చేయాల్సింది అదే. గ్రౌండులో ఎవరికీ లోపలి ఎముక కనబడదు. ఎక్స్‌రే ఫోటో వచ్చాక తెలివి చూపించడం ఎవరికైనా వస్తుంది.

ఫిర్యాదు 18వ తేదీన ఇచ్చారు. రాసింది సార్. కింద గాలయ్య వేలిముద్ర ఉంది. ముందు రాత్రంతా ఆసుపత్రి వరండాలో ఉన్న మనిషికి కాగితం చూపిస్తే ఏది చూసి ముద్ర వేశాడో నేను అడగను.

నిన్న, 21వ తేదీ సాయంత్రం 6 గంటలకు మా నాన్న దుకాణంలో రాజీ మాటలు జరిగాయి. సార్, మా నాన్న, అన్న, నేను. క్యాంపు పిల్లల జెర్సీలు మా నాన్నే కుడతారు. అప్పుడు కూడా మిషను మీద ఒకటి సగం కుట్టి ఉంది. ఇంట్లో మేం ఉర్దూలో మాట్లాడుకుంటాం, ఆ మాటలు తెలుగులో రాస్తున్నాను.

సార్ అన్నారు, "హకీం భాయ్, నాకు పిల్ల మీద పగ లేదు. తెల్వక, గాభరాల చేసిన అని ఒక్క ముక్క రాసిస్తే కంప్లైంట్ వాపస్ తీస్కుంట."

అన్న అప్పటికే కాగితం రాసి తెచ్చాడు. కింద నా పేరు రాసి, సంతకానికి జాగా వదిలాడు.

"సార్, నేను గాభరా వడ్డనని మీకు నిజంగ అనిపించిందా?" అని అడిగాను.

సార్ మిషను మీది జెర్సీ వైపు చూశారు. "అనిపిస్తే ఏంది, అనిపియ్యకుంటే ఏంది. నువ్వు తెలిసే చేసినవంటే, నేను తెల్వక చేసినట్టే కదా. ముప్పై ఏండ్ల సంది. రేపు నా దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతరు?"

ఆ మాట నిజం. సార్ అబద్ధమాడే మనిషి కాదు. అందుకే నాకు అక్కడ కోపం రాలేదు, బాధ వచ్చింది. నేనన్నాను: "తోసిన అని రాయుండ్రి, సంతకం పెడ్త. తాళం తీసుకున్న అని రాయుండ్రి, పెడ్త. తెల్వక అన్న మాట తీసేయుండ్రి."

"గా మాట తీసేస్తె ఇంకేముంది దాంట్ల?" అన్నారు సార్.

"అమ్మీ ఏడుస్తోంది" అన్నాడు అన్న. "కేసు అయితే పి.ఇ.టి. పోస్టుకు వెరిఫికేషన్‌లో ఆగిపోతావు. ఒక్క మాట, హానీ. ఒక్క మాటకు ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"ఆ ఒక్క మాట మీద సంతకం పెడితే, జూన్ బ్యాచ్‌లో పిల్ల పడ్డప్పుడు మళ్ళీ బండి కోర్టు మీదికి వస్తుంది, భాయ్. అప్పుడు తాళం తీయడానికి ఇషిత లేస్తే, నీలాగే హాని అక్క కూడా గాభరాపడ్డదని ఆమెకు చెప్తారు."

మా నాన్న నా వైపు తిరిగారు. "మూడు రోజులు సంగారెడ్డిలో నేర్చుకుని ఇంత గట్టిదానివి అయ్యావా?" అన్నారు. అది తిట్టో మెచ్చుకోలో నాకు తెలియలేదు. అడగలేదు కూడా. కాగితం మడిచి అన్న చేతిలో పెట్టి పైకి వెళ్ళిపోయాను.

నిర్మలమ్మ మేడమ్ ఇప్పటిదాకా రాసింది చదివారు. "కొంచెం తగ్గి రాయి బిడ్డా. పై సార్లు చదువుతరు" అన్నారు. మంచికే అన్నారు. ఒక పేరా తీసేశాను, అది పరశురాం సార్ గురించి కోపంలో రాసింది. మిగతాది అలాగే ఉంది.

నా నిర్ణయం ఇది. పరశురాం సార్‌ను తోశాను. ఆయన బండి తాళం 7:13 నుంచి 7:43 వరకు ఆయన ఒప్పుకోకుండా నా దగ్గర ఉంచుకున్నాను. ఐలమ్మ అడిగినా ఇవ్వలేదు. వీటికి ఏ సెక్షన్ వర్తిస్తే అది పెట్టుకోండి. రాజీ కాగితం మీద సంతకం చేయను. రేపు 5:30కు గ్రౌండుకు వెళ్తాను. క్యాంపులోకి రానివ్వకపోతే గోడ బయట రోడ్డు పక్కన కూర్చుని, వచ్చిన పిల్లలకు తల పట్టుకోవడం నేర్పుతాను.

ఇందులో ఉన్నదంతా నేను చూసినది, విన్నది, చేసినది. ఎవరూ చెప్పి రాయించలేదు, ఎవరూ భయపెట్టలేదు. మొదటి నుంచి చివరి దాకా నేనే చదువుకుని, కొట్టివేతల దగ్గర పొట్టి సంతకం పెట్టి, నిజమని ఒప్పుకుంటూ ఇస్తున్నాను.

(సంతకం)
ఉమ్మె హాని
22-05-2025, మధ్యాహ్నం 1:15